ఐదో నిమ్మకాయ

మా ఇంట్లో కొత్త బండికి పూజ చేస్తే నిమ్మకాయ ఒకటి ఎక్కువ పడుతుంది. ఊరంతా కారుకు నాలుగు పెడితే మేం ఐదు పెడతాం. రాయపూర్ రాజధాని అయిన కొత్తలోనే నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. అప్పట్లో మావారు ఒక స్కూటర్ కొన్నారు. రెండు చక్రాల బండికి మూడు నిమ్మకాయలెందుకా అని నేను చూస్తుంటే, మా మామయ్య స్కూటర్ వెనక బిగించి ఉన్న స్టెప్నీని విప్పించి, మూడో నిమ్మకాయ మీదుగా తన చేతులతో దొర్లించారు. అది చితికి రసం కారాక గానీ ఆయన మొహం విప్పారలేదు.

"నడిసే చక్రానికే పూజ సేస్తే ఎలగమ్మా? ఆపదలో ఆదుకునేది కూకున్న చక్రం గదా" అన్నారు నాతో.

మామయ్య గూడ్సు బండి గార్డు, రైలు చివరి పెట్టె బ్రేకువానులో కూర్చునే మనిషి. విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగంతో ఇక్కడికి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే పోయారు. ఆయన డ్యూటీ పెట్టె ఇప్పటికీ మా హాల్లో ఓ మూల ఉంది. అందులో చేతిదీపం, ఈల, ఎర్రజెండా, పచ్చజెండా. అడవి మధ్యలో గూడ్సు ఆగిపోతే పక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకునే వీలుండదు కాబట్టి, గార్డన్నవాడు అన్నీ తనతోనే మోసుకెళ్ళాలి. ఆ అలవాటు ఇల్లంతా పాకింది. మా ఇంట్లో ప్రతి తాళానికీ అదనంగా ఒక తాళంచెవి, ప్రతి బల్బుకీ తోడుగా ఒక బల్బు. అత్తమ్మ పెళ్ళికి వెళ్ళినా సంచిలో ఒక జత చెప్పులు అదనంగా ఉంటాయి. దారిలో చెప్పు తెగితే? అని ఆమె వాదన. పైగా ఒకసారి నిజంగానే తెగింది.

నేను కరీంనగర్ వాళ్ళ అమ్మాయిని. నాన్న భిలాయిలో స్టీల్‌ప్లాంటు కార్మికుడు. మా ఇంట్లో ఏదైనా పాడైతే అప్పుడు చూసుకునేవాళ్ళం. ముందే రెండు కొనిపెట్టుకునే తాహతూ లేదు, ఓపికా లేదు. కెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యాక ధర్సీవా దగ్గర ఒక రోలింగ్ మిల్లులో, ల్యాబులో ఉద్యోగం సంపాదించాను. కొలిమిలో కరిగిన ప్రతి విడత ఉక్కు నుంచి గుండీ అంత ముక్క తీసి, నున్నగా సానబట్టి, మిషను కింద పెట్టి మెరిపిస్తే అందులో ఏది ఎంతుందో తెరమీద అంకెలు వస్తాయి. ఆ అంకెలు బాగుంటేనే ఉక్కు బయటికి వెళుతుంది. నేను సరే అనకపోతే వెళ్ళదు. ఆ మాట అనగలిగే కుర్చీ అంటే నాకు ప్రాణం.

శంకర్ నగర్‌లోని మా ఇంటి నుంచి మిల్లుకు వెళ్ళే దారి మాత్రం టైర్లకు ఆగర్భ శత్రువు. భన్‌పురి దాటగానే ఇనుము మొదలవుతుంది. లారీల నిండా తుక్కు, చువ్వలు, రేకు ముక్కలు. ప్రతి లారీ వెళుతూ వెళుతూ కాస్తంత రాల్చి పోతుంది. సిల్తరా వచ్చేసరికి రోడ్డు పక్క మట్టిలో మట్టికన్నా ఇనుమే ఎక్కువేమో అనిపిస్తుంది. పంక్చర్ల దుకాణాలు టీకొట్లంత వరసగా ఉంటాయి.

మొదట్లో కంపెనీ బస్సులో వెళ్ళేదాన్ని. తర్వాత ఒక చిన్న పాత కారు కొని, నేర్చుకుని, నేనే నడుపుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టాను. ఆ కారు ఒకరోజు పొద్దున్నే, సిల్తరాకు ఇవతల, దుకాణాలేవీ లేని చోట కూలబడింది. స్టెప్నీ ఉంది. మావారు వారం వారం దానికి గాలి కొట్టిస్తారు కూడా. కానీ చక్రం నట్లు ఏ వర్క్‌షాపువాడో మిషనుతో బిగించాడు. పానా తగిలించి, దానిమీద ఎక్కి నిలబడి తొక్కాను. చీర కుచ్చిళ్ళు గ్రీజయ్యాయి గానీ ఒక్క నట్టు కదల్లేదు. చివరికి మావారు ఆఫీసుకు సెలవు పెట్టి మోటర్ సైకిల్ మీద రావాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ రోజే మిల్లులో ల్యాబు ఇన్‌ఛార్జి ఎవరన్నది తేల్చారు. నా పేరు అనుకున్నారట. "మేడమ్ తెలివైనవారే, కానీ రాకపోకలు నమ్మకం కాదు" అని మేనేజరుగారు ఇంకొకరికి ఇచ్చేశారు. ఇంట్లో తీర్పు అంతకన్నా తొందరగా వచ్చింది.

"ఇంక ఆ కారు జోలికెళ్ళకమ్మా. బస్సుంది, హాయిగా కూకోని ఎల్లు" అంది అత్తమ్మ.

కోపంతో రెండు రోజులు అన్నం సహించలేదు. నట్టు కదలనందుకు నా ఉద్యోగం కదలకుండా ఆగిపోవడం ఏమిటి? ఇనుము గుట్టు తెలిసినదాన్ని, పిడికెడు ఇనుము ముందు ఓడిపోవడం నాకు అస్సలు మింగుడు పడలేదు. బస్సులోనే వెళ్ళొచ్చాను, ఏళ్ళ తరబడి. కానీ మళ్ళీ కారు కొంటే నన్ను రోడ్డు మీద నిలబెట్టని కారే కొంటానని గట్టిగా అనుకున్నాను.

ఆ కారు నాకు ఒక షోరూములో కనబడింది. రంగు నచ్చిందని మావారు లోపలికి లాక్కెళితే, నేను మోకాళ్ళ మీద కూర్చుని టైర్లు చూశాను. సేల్స్‌మన్ చెప్పాడు. ఇవి రన్-ఫ్లాట్ టైర్లట. పక్కగోడలు ఎంత మందమంటే, గాలి మొత్తం పోయినా అవే కారును మోస్తాయట. ఎనభై వేగం దాటకుండా ఎనభై కిలోమీటర్ల దాకా పోవచ్చట. మా ఇంటి నుంచి మిల్లుకు పోయి రావడానికి అందులో సగం చాలదా! రోడ్డు మీద దిగక్కర్లేదు, పానా పట్టక్కర్లేదు, ఎవరికీ ఫోన్ చేసి రమ్మనక్కర్లేదు. నా గుండె ఎగిరి గంతేసింది.

కారు మా తాహతుకు ఓ మెట్టు పైనే ఉంది. అయినా ఇద్దరి జీతాలూ ఉన్నాయి కదా అని పట్టుబట్టాను. మావారు రంగు కోసం ఒప్పుకున్నారు. డిక్కీ ఎవరూ తెరిచి చూడలేదు.

చూసింది అత్తమ్మే, పూజనాడు గుడి ముందు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. స్టీరింగుకు పసుపు రాసి, కుంకుమ అద్దింది. వేగం చూపించే అద్దం మీద కూడా పెట్టబోతే, "అక్కడొద్దు అత్తమ్మా, గాలి పోతే దీపం వెలిగేది అక్కడనే" అని ఆపాను. ఐదో నిమ్మకాయ చేత్తో పట్టుకుని డిక్కీ దగ్గరికి నడిచింది. మూత తెరిచి, కార్పెట్ ఎత్తి చూసి, కొయ్యబారిపోయింది.

"ఒరే, స్టెప్నీ ఏదిరా? ఎవడో కొట్టేసినాడు!"

గుడిలో ఉన్నవాళ్ళంతా మూగారు. మావారు షోరూముకు ఫోన్ చేసి హిందీలో కేకలు మొదలుపెట్టారు. షోరూములో నాకు ముందే చెప్పారు కాబట్టి నేను అడ్డుపడి, ఎవరూ కొట్టెయ్యలేదనీ, ఈ కారుకు స్టెప్నీయే ఉండదనీ చెప్పాను. ఆ మాట విన్న అత్తమ్మ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. కోడలు పైకప్పు లేకుండా ఇల్లు కట్టించిందని తెలిసినట్టు చూసింది.

"స్టెప్నీ లేని కారేటమ్మా? మీ మామయ్యుంటే ఎక్కుదురా?"

"గాలి పోయినా నడుస్తది అత్తమ్మా. అందుకే పెట్టలే."

"గాలి పోయినా నడిసేదానికి గాలెందుకు మరి?"

గుడి ముందు అందరూ నవ్వారు. ఆ ఐదో నిమ్మకాయను అత్తమ్మ బొడ్లో దోపుకుని ఇంటికి తెచ్చి, మామయ్య పెట్టె మీద పెట్టింది. అది అక్కడే ఎండి గట్టిపడిపోయినా తీయనివ్వలేదు.

అత్తమ్మది మొండితనమని అంటాను గానీ, ఆ టైర్ల మీద ఆమె చేసిన ఫిర్యాదులన్నీ అబద్ధాలని మాత్రం అనలేను. పక్కగోడలు మందం కాబట్టి ప్రయాణం బరకగా ఉంటుంది. మామూలు కారు మెత్తగా దిగే గుంటలో ఇది ధబ్బున దిగుతుంది. "మీ మామయ్య బ్రేకువాను కూడా ఇంతకన్నా నయం" అనేది, నడుం పట్టుకుని. డిసెంబర్ చలికి గాలి ఒత్తిడి కొంచెం తగ్గితే చాలు, అద్దం మీద పసుపుపచ్చ దీపం వెలిగి ఇంటిల్లిపాదినీ హడలగొట్టేది. టైరు మారిస్తే మామూలు టైరుకన్నా ఖరీదు. అదీ రాయపూర్‌లో దొరకదు, తెప్పించుకోవాలి. భన్‌పురిలో పంక్చర్ వేసే అతను ఓసారి టైరును బొటనవేలితో నొక్కి చూసి, "యే హమ్‌సే నహీ ఖులేగా" అని, తన వల్ల కాదని దణ్ణం పెట్టేశాడు. దాన్ని రిమ్ము నుంచి ఊడదియ్యాలంటే షోరూము మిషనే కావాలి. ఇవన్నీ మావారు భోజనాల దగ్గర ఒక్కొక్కటిగా వడ్డించేవారు. నేను పచ్చడి కలుపుకుంటూ వినేదాన్ని.

రోజూ పొద్దున నేను బయల్దేరేటప్పుడు గేటు దగ్గర అత్తమ్మ ఒకే ప్రశ్న అడిగేది.

"స్టెప్నీ ఉందా?"

"లేదత్తమ్మా."

"నారాయణా!"

లేదని ఇద్దరికీ తెలుసు. అయినా అది మా ఇంటి సుప్రభాతం అయిపోయింది. ఒక్కోరోజు ఒళ్ళు మండేది. ఒక్కోరోజు నవ్వొచ్చేది.

ఇలా ఉండగా మిల్లులో ఇన్‌ఛార్జి ఉద్యోగం మానేసి వెళ్ళాడు. కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది. కొత్తగా ఉక్కు కొనే పెద్ద పార్టీవాళ్ళు రాబోతున్నారు. పరీక్ష తమ కళ్ళ ముందే జరగాలని వాళ్ళ షరతు. మేనేజరుగారు నన్ను పిలిచి సూటిగా అడిగారు.

"మేడమ్, ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి మిషను ముందు మీరుండాలి. ఆ పాయేంగీ, రాగలరా? పార్టీ ముందు పరీక్ష చేసేది ఎవరో, ఇన్‌ఛార్జి వాళ్ళే. మీరు రాలేకపోతే షిఫ్టులో ఉన్నతను చేస్తాడు, కుర్చీ అతనిదే."

"ఆవూంగీ సర్" అన్నాను. ఇంటికొచ్చి చెప్పాను కూడా. ఇదొక్కటీ చేజారితే మళ్ళీ అడిగే వయసు కాదు నాది.

తీరా చూస్తే ఆ రోజే బిలాస్‌పూర్‌లో అత్తమ్మ అక్క కొడుకు గృహప్రవేశం. మావారు సెలవు పెట్టారు. దారిలో నన్ను ధర్సీవాలో దింపి, తల్లీకొడుకులు అదే కారులో బిలాస్‌పూర్ వెళ్ళాలని ఏర్పాటు. దూరప్రయాణం కాబట్టి స్టీరింగు ఆయనదే. సర్లెమ్మని ఒప్పుకున్నాను. డిక్కీలో అత్తమ్మ పాత నేతచీర చుట్టిన గుండ్రటి మూట ఒకటి కనబడింది. గృహప్రవేశానికి గంగాళం కానుక ఇస్తున్నారేమో అనుకున్నాను. తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకున్న చూపు మాత్రం కొంచెం అనుమానంగానే తోచింది.

సిల్తరా దగ్గరికి వచ్చాం. పసుపుపచ్చ దీపం వెలిగింది. చలికాలం కాదు. ఎడమ వెనక చక్రం అని తెరమీద బొమ్మ కూడా చూపించింది. కారులో మాత్రం ఏ తేడా లేదు, ఎప్పటిలాగే బరకగా పోతోంది.

"ఆపకండి. ఎనభై దాటకుండ పోనీయుండ్రి, మిల్లు ఎంతో దూరం లేదు" అన్నాను.

ఆయన అప్పటికే పక్కకు తీసి ఆపేశారు. దిగి చూస్తే చిటికెనవేలంత చువ్వముక్క టైరులో నిలువునా దిగి ఉంది. చక్రం కొద్దిగా అణిగింది, అంతే. కూలబడలేదు. నేను గర్వంగా చూపించబోయేలోపు ఆయన డిక్కీ తెరిచి, మూట బయటికి లాగి, చీర విప్పారు.

గంగాళం కాదు. స్టెప్నీ!

తుక్కు బజారులో ఎక్కడో సంపాదించారట. రిమ్ముకు చుట్టూ పసుపు, నడుమ కుంకుమబొట్టు. పక్కనే పాత కారు జాకీ, పానా. గార్డుగారి అబ్బాయి మొహం వెలిగిపోతోంది.

"చూసేవా? నీకు చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు. దస్ మినట్ కా కామ్ హై, పది నిమిషాలంతే."

"వద్దు, టైమ్ పోతది" అని మొత్తుకున్నాను. అత్తమ్మ కూడా రోడ్డు పక్క తన సంచితో నిలబడి, "ఉండమ్మా, మార్చీనీ. గాలి లేని చక్రం మీద ఎలగెల్తావు?" అంది. ఆయన జాకీ పెట్టారు, కారు లేపారు, చొక్కా తడిసిపోయేదాకా బోల్టులు విప్పారు, చక్రం ఊడదీశారు. స్టెప్నీని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి ఇరుసుకు ఆనించారు. కుడికి తిప్పారు. ఎడమకు తిప్పారు. మళ్ళీ కుడికి తిప్పారు.

"ఏమయింది?"

నేను వంగి చూశాను. కారు ఇరుసుకు బోల్టులు పట్టే చోట్లు ఐదు. స్టెప్నీ రిమ్ముకు బెజ్జాలు నాలుగు.

సైజు అంకె సరిపోయిందని తెచ్చారు, పూజ చేశారు, చీర చుట్టారు. బెజ్జాలు మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంకో రోజైతే రోడ్డు మీద పడి దొర్లి నవ్వేదాన్ని. ఆ రోజు మాత్రం గడియారం చూసుకున్నాను. ఫోన్ మోగింది. మేనేజరుగారు. పార్టీవాళ్ళు గేటు దగ్గరికి వచ్చేశారట. "మేడమ్, ఆ రహీ హై యా నహీ?"

"వస్తున్నా సర్" అని పెట్టేశాను.

"ఆ చక్రం మళ్ళ ఎక్కించుండ్రి. నేను నడుపుత" అన్నాను మావారితో.

"పిచ్చా ఏంటి? గాలి లేదు దానిలో. అమ్మ కూర్చుంటది ఇందులో. క్రేన్ కోసం ఫోన్ చేస్తాను."

"క్రేన్ వచ్చేసరికి నా కుర్చీ పోతది."

"కుర్చీ కోసం ప్రాణాలమీదికి తెచ్చుకుంటావా?"

పోయినసారి పానా మీద నిలబడ్డ చోటు అక్కడికి దగ్గర్లోనే ఉంది. అదే దుమ్ము, అవే లారీలు, అదే నేను. ఏళ్ళు గడిచినా నన్ను ఈ రోడ్డు ఇక్కడే నిలబెట్టిందే అని ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు అత్తమ్మ సంచి కింద పెట్టింది. చువ్వ దిగిన చక్రం దగ్గరికి వచ్చి, వంగలేక వంగి, పక్కగోడను రెండు చేతులతో గట్టిగా నొక్కింది. అది ఇసుమంత కూడా లొంగలేదు. ఇంకోసారి నొక్కింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"నిజం సెప్పు. ఎల్తాదా?"

"ఎల్తది అత్తమ్మా. దీనికోసమే కొన్న ఈ కారు."

ఆమె ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. రోజూ గేటు దగ్గర అడిగే మనిషి అలా ఎప్పుడూ చూడలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, ఆ చక్రం బిగించు. బండి తోలేది ఆ పిల్ల. నువ్వెనక్కెల్లి బ్రేకువానులో కూకో."

ఆయన నోరు తెరిచారు. "మీ నాన్న ఎప్పుడైనా ఇంజినులోకెక్కి డ్రైవరు చెయ్యి పట్టుకున్నారా? గార్డు పని గార్డుది, డ్రైవరు పని డ్రైవరుది. బిగించు" అంది మళ్ళీ. ఆయన నోరు మూసుకుని బోల్టులు బిగించారు. రైల్వే ఇంట్లో ఆ మాటకు ఎదురు లేదు.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అత్తమ్మ ముందు సీట్లో, నా పక్కన. మావారు వెనక, ఒళ్ళో అమ్మ సంచితో. పసుపుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. కారు కదిలింది. మొదటి కొన్ని గజాలు ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఏమీ కాలేదు. రెండో గేరు, మూడో గేరు. వెనక ఎడమ పక్క కొంచెం బరువుగా లాగుతున్నట్టు ఉంది, అంతే. ముల్లు ఎనభైకి చాలా ఇవతలే ఉంచాను. లారీలు హారన్లు కొడుతూ దాటిపోతున్నాయి. కొట్టుకోనీ అనుకున్నాను. నా ఇనుప రోడ్డు మీద, గాలి లేని చక్రం మీద, నేను వెళుతున్నాను! గట్టిగా పాడాలనిపించింది. సిల్తరా దాటింది. ధర్సీవా బోర్డు కనబడింది. అది చూడగానే అత్తమ్మ నా భుజం మీద చిన్నగా తట్టింది.

మిల్లు గేటులో కారు వదిలి పరుగెత్తాను. ల్యాబులో అందరూ నిలబడి ఉన్నారు. షిఫ్టులో ఉన్నతను నమూనా చేతిలోకి తీసుకోబోతున్నాడు. "నాకియ్యండి" అన్నాను. చేతులకు అంటిన దుమ్ము కడుక్కుని, ముక్కను సానరాయి మీద పెట్టాను. మిషను చిటపటమని మెరిసింది, తెరమీద అంకెలు పరుచుకున్నాయి. పార్టీ మనిషి తన కాగితంతో ఒక్కొక్కటీ పోల్చుకుని, ఇంకో ముక్క అడిగాడు. అదీ చేశాను. మూడోది కూడా అడిగితే అంతే హాయిగా చేశాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని చెయ్యి చాపాడు. నా జీవితంలో అంత రుచిగల ఉదయం ఇంకోటి లేదు.

ఆఫీసు గదిలోకి వచ్చేసరికి అత్తమ్మ మేనేజరుగారి ఎదురు కుర్చీలో దర్జాగా కూర్చుని సమోసా తింటోంది. టైరు కథ అంతా తన హిందీలో చెప్పేసినట్టుంది. ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నారు. నన్ను చూసి లేచారు.

"అమ్మాజీ, ఆప్‌కీ బహూ ఆజ్ సే హమారీ ఇన్‌ఛార్జ్ హై" అన్నారు. ఇవాళ్టి నుంచి ఇన్‌ఛార్జి నేనే!

"వో తో హమ్‌కో రస్తే మే హీ మాలూమ్ హో గయా" అంది అత్తమ్మ, సమోసా పక్కన పెట్టకుండానే. దారిలోనే తెలిసిపోయిందట! నేను గోడకు ఆనుకుని నవ్వాను, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

ఇక నిజాయితీగా మిగిలిందీ చెప్పాలి. ఆ కారులో బిలాస్‌పూర్ వెళ్ళడం కుదరలేదు, అంత దూరం ఆ చక్రం మోయదు. తల్లీకొడుకులు బస్సెక్కి వెళితే వ్రతం అయిపోయి భోజనాలు మాత్రం దొరికాయి. టైరు గాలి లేకుండా నడిచింది కాబట్టి, బాగుచెయ్యడానికి పనికిరాదని షోరూమువాళ్ళు తీసి పారేశారు. కొత్తది నాగపూర్ నుంచి వచ్చేదాకా కారు వాళ్ళ షెడ్డులోనే ఉంది. ఆ రోజులన్నీ కొత్త ఇన్‌ఛార్జి మళ్ళీ కంపెనీ బస్సులోనే వెళ్ళింది. "మామూలు టైరైతే వీధి చివర పంక్చర్ వేయించేవాళ్ళం" అని మావారు రోజుకోసారి అనేవారు. అనేవారే గానీ, నాలుగు బెజ్జాల స్టెప్నీని మెట్ల కింద దాచేసిన మనిషి గొంతులో మునుపటి దమ్ము లేదు. ఎవరైనా కొత్త కారు కొంటూ సలహా అడిగితే నేను మంచీ చెడూ రెండూ చెబుతాను. నడుంనొప్పి ఉంటే వద్దంటాను, దూరపు అడవి దారుల్లో తిరిగేవాళ్ళయితే వద్దంటాను. ఒంటరిగా పనికి వెళ్ళే ఆడవాళ్ళెవరైనా అడిగితే మాత్రం వెంటనే కొనమంటాను.

కారు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున, నేను బయటికి వచ్చేసరికి అత్తమ్మ ఎడమ వెనక చక్రం దగ్గర ఉంది. కొత్త టైరుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కింద ఒక తాజా నిమ్మకాయ ఉంచింది.

"ఒక్కటేనా అత్తమ్మా?"

"నాలుగు అప్పుడే అయినాయి గదా. ఇది ఐదోది" అంది.

తాళంచెవి తిప్పి, ఆమె ప్రశ్న కోసం ఆగాను. ఆమె స్టెప్నీ మాట ఎత్తలేదు. గేటు బార్లా తెరిచి, పక్కకు వెళ్ళి నిలబడి, కొంగు చాటు నుంచి ఏదో బయటికి తీసింది. మామయ్య పచ్చజెండా. ఆయన పోయాక ఆ పెట్టెలోంచి దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, మడతలు విప్పి, చెయ్యి పైకెత్తి, నా వైపు చూస్తూ ఊపింది.

గార్డు జెండా ఊపితే డ్రైవరు చెయ్యాల్సిన పని ఒకటే. చిన్నగా ఒక హారన్ కొట్టి, నిమ్మకాయ మీదుగా బండిని ముందుకు కదిలించాను.